చలిగదిలో ఆరు బ్యాటరీలు

సింగపూర్‌లో కూర్చుని చలికాలం తయారు చెయ్యమన్నాడు మా బాసు. నా ఖర్మ, ఏం చెప్పమంటారు! రెండువేల సంవత్సరం అది. పేరు వెనక డాట్ కామ్ తగిలించుకుంటే చాలు, ఎవడో ఒకడు పెట్టుబడి పెట్టేవాడు. మా మిస్టర్ టాన్ మాత్రం కెనడా మీద కన్నేశాడు. అక్కడివాళ్ళకి మంచం, పొయ్యి అన్నీ ఉన్న బళ్ళుంటాయట, ఇల్లు వెంటేసుకుని ఊళ్ళు తిరగడానికి. చలికాలం రాగానే బండిని షెడ్డులో పెట్టేస్తారు. మంచు కరిగాక తాళం తిప్పితే బ్యాటరీ చచ్చి ఉంటుంది. అలా చావకముందే, చార్జి తగ్గుతోందని యజమానికి ఈమెయిల్ పంపే చిన్న పెట్టె మాది. దాని ప్రోగ్రాం రాసింది నేను, తెనాలి గోపీకృష్ణని. ఫ్రిజ్‌లో తప్ప మంచు చూసిన మొహం కాదు నాది.

ఆ పెట్టె అమ్ముడుపోకపోతే కంపెనీ మూత, ఇక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే నా వర్క్ పాస్ రద్దు, తిరిగి హైదరాబాద్ పోవడమే. పెళ్ళయ్యాక రెండేళ్ళు నేను హైదరాబాద్‌లో, మా ఆవిడ స్పందన ఇక్కడ యూనివర్సిటీ పరిశోధనలో, కాపురమంతా ఫోన్లోనే చేశాం. ఇప్పుడిప్పుడే బిషాన్ ఫ్లాట్‌లో ఇద్దరం ఒక చోట కాఫీ తాగుతున్నాం. మళ్ళీ ఆ ఫోన్ కాపురం నా వల్ల కాదు.

తంజోంగ్ పగార్‌లో మా ఆఫీసులో ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటుండాలి. అందుకని చార్జి నింపిన ఆరు బ్యాటరీలనీ దసరా ముందురోజు మా ఫ్లాట్‌కి తెచ్చుకున్నాను. పండగ పొద్దున్నే, నేను స్నానానికి వెళ్ళినప్పుడు, టాన్ లారీ తెచ్చి వాటిని ఎక్కించుకుపోయాడు. జురాంగ్‌లో చేపలు దాచే చలిగది ఒకటి అద్దెకి తీసుకున్నాం. అదే మా కెనడా. అక్కడ తనే పెట్టెలు తగిలించి తాళం వేసుకొచ్చాడు.

కెనడాలో అలాంటి బళ్ళకి సామాన్లు అమ్మే మార్గరెట్ అనే ఆవిడ వస్తోందని కబురొచ్చింది. ఆవిడకి నచ్చితే పెద్ద ఆర్డరు. అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా మూడో నంబరు బ్యాటరీ చార్జి పడిపోతోందని ఈమెయిళ్ళు మొదలయ్యాయి. మిగతా అయిదూ నిక్షేపంలా ఉన్నాయి. ఒకే చలి, ఒకే కంపెనీ బ్యాటరీలు, దీనికేం రోగం? తప్పు నా ప్రోగ్రాందే అయ్యుండాలి. వెతికినచోటే వెతికాను, ఏమీ దొరకలేదు. స్పందన పళ్ళెంలో అన్నం పెట్టి పిలిస్తే కసిరాను. ఆమె పళ్ళెం మీద మూత పెట్టి గదిలోకి వెళ్ళిపోయింది. దాంతో ఇంకా భయం వేసింది నాకు.

ఆఖరికి టాన్‌ని లాక్కుని చలిగదికి వెళ్ళాను. చేపల పెట్టెల వెనక మన బ్యాటరీలు. మూడోదాని మీదికి వంగి చూశాను. తీగలు తగిలించే ఈ కొమ్ము నుంచి ఆ కొమ్ము దాకా దట్టంగా పసుపు పట్టీ, మధ్యలో ఇంత కుంకుమ బొట్టు! పైన తడి పేరుకుని నిగనిగలాడుతోంది.

"ఇదేంటి?" అన్నాను.

"మీ పూజ కదా! చెరిపితే కీడని ముట్టుకోలేదు" అన్నాడు టాన్, చేతులు జోడించి మరీ.

అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కణ్ణుంచే ఇంటికి ఫోన్ చేశాను. మమ్మల్ని చూడ్డానికొచ్చిన మా అత్తగారు తారాదేవి ఎత్తింది.

"అత్తయ్యా, బ్యాటరీకి బొట్టేంటండీ? మీకు చేతులు ఊరుకోవా?"

"అదేంటి బాబూ, ఆయుధ పూజ! మీకు అన్నం పెట్టే వస్తువులాయె. మీరు స్నానానికెళ్ళగానే, లారీ వచ్చేలోపు, పసుపు అన్నిటికీ సరిపోక ఒక్కదానికే రాశాను. నాలుగు చుక్కలు కొబ్బరినీళ్ళు కూడా చల్లాను. ఏమైనా అయిందా?"

ఆవిడ కంగారు వినేసరికి నా కోపం దిగిపోయింది. ఏం కాలేదని చెప్పి పెట్టేశాను. కొబ్బరినీళ్ళు, పసుపు, చలిగది తడి. రెండు కొమ్ముల మధ్య దారి వేసినట్టయింది. ఆ పట్టీ మీదుగా చార్జి కొంచెం కొంచెంగా కారిపోతోంది. అంటే ప్రోగ్రాంలో తప్పు లేదు! నిజంగా పడిపోతున్నదాన్ని పడిపోతోందనే చెప్పింది!

"తుడిచేసి కొత్త బ్యాటరీ పెడదాం, ఆవిడకి తెలీదు" అన్నాడు టాన్.

"ముట్టుకున్నావంటే ఊరుకోను" అన్నాను. బాసుతో మాట్లాడే తీరేనా అది? కానీ మాది పుచ్చినదాన్ని పట్టిచ్చే పెట్టె. పుచ్చినదాన్ని దాచేసి ఏం చూపిస్తాం? చేపలవాళ్ళు పని ఆపి చూసేంత గట్టిగా అరుచుకున్నాం. ఆఖరికి టాన్ తల పట్టుకుని, "పోతే ఇద్దరం పోతాం" అన్నాడు.

మార్గరెట్ రానేవచ్చింది. అరవై దాటిన మనిషి, చలిగదిలోకి మామూలు చొక్కాతో నడిచింది. నేను దుప్పటంత జాకెట్టులో వణుకుతున్నాను, చలికి సగం, భయానికి సగం. ఈమెయిళ్ళు చూపించి, పసుపు పట్టీ చూపించి, మా అత్తగారి పూజతో సహా ఉన్నదున్నట్టు చెప్పేశాను. టాన్ కళ్ళు మూసుకున్నాడు.

ఆవిడ పట్టీని వేలితో గీకి చూసింది. వేలికంటిన పసుపు చొక్కాకి తుడుచుకుంది.

"మా దగ్గర బ్యాటరీల మీద బురద, నూనె, ఆకులు ఉంటాయి" అంది. "ఎవరూ తుడవరు. అలాగే షెడ్డులో తోసేస్తారు. బాగున్న బ్యాటరీ బాగుందని ఎవరైనా చెబుతారు. నాకు కావలసింది ఈ మూడోది." అక్కడే, చేపల పెట్టె మీద ఆర్డరు కాగితం పెట్టి సంతకం చేసింది. వాడే పద్ధతి రాసే కాగితంలో మొదటి వాక్యం 'పైభాగం పొడిగా తుడిచి దాచండి' అని ఉండాలంది.

ఇంటికెళ్ళేసరికి అత్తగారు బట్టల పెట్టె సర్దుకుని కూర్చుంది, ఏం కాలేదని నేనన్నా నమ్మక, తన వల్లే అంతా పాడైందని. "మీరెక్కడికి వెళ్ళేది? కూర్చోండి అత్తయ్యా, ఆర్డరొచ్చింది" అన్నాను. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది.

స్పందన వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. "అయితే నువ్వు వెళ్ళక్కర్లేదా?" అంది.

"అక్కర్లేదు."

"ఇంకోసారి చెప్పు" అంది. ఇది ఫోన్ కాదుగా, దగ్గరికెళ్ళి చెప్పాను.