తేలికపాటి పిస్తోలు

నేను ఒక ప్లాస్టిక్ పిస్తోలును. ప్లాస్టిక్ అంటే మా ఫ్యాక్టరీవాళ్లకు కోపం, పాలిమర్ అనాలట. పేరు మారిస్తే మర్యాద పెరుగుతుందని మనుషుల నమ్మకం. నాకైతే ఏమీ పెరగలేదు. నా పిడీ, చట్రమూ మూసలో పోసి తీసినవి. పైన ముందుకూ వెనక్కీ జరిగే స్లైడూ, లోపలి గొట్టమూ అచ్చమైన ఉక్కు. అయినా నన్ను చేతిలోకి తీసుకున్నవాడెవడూ ఆ ఉక్కు సంగతి పట్టించుకోడు.

పెన్న ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో పోలీసు ఆర్మరీకి, అంటే తుపాకులు దాచే గదికి, నన్ను పెట్టెలో పంపారు. అక్కడి బీరువాలో పాత ఇనప పిస్తోళ్లు వరసగా కూర్చుని ఉండేవి, పెళ్లిలో మగపెళ్లివారిలాగా. వాటిలో చాలావాటిని వెనక్కి పంపేసే ఉత్తర్వు వచ్చింది. అలా నేను హెడ్ కానిస్టేబుల్ పెంచలయ్య చేతికి వచ్చాను. యాభై రెండేళ్ల మనిషి. పంతొమ్మిదేళ్లు ఇనప పిస్తోలు మోసి నడుము ఒక పక్కకు ఒరిగింది. ఆ నొప్పికి మందు నేనే అని పైవాళ్లు అనుకున్నారు. ఆయన అనుకోలేదు.

నన్ను అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఎగరేసి చూశాడు. "ఇదేంది సార్, పిల్లకాయలు ఆడుకునే బొమ్మ మాదిరుండాది?" అన్నాడు.

ఆర్మరీ చూసే ఏఎస్ఐ ఖాజా నవ్వాడు. "తూటా తగిలినోడు బొమ్మంటాడేమో అడిగి చూడు."

పెంచలయ్య కాపలా ఉండాల్సింది తాసిల్దారు ఎస్తేరు మేడానికి. దొంగ ఇసుక లారీలు పట్టుకుని కేసులు పెడుతుంటే ఒకసారి ఆమె జీపు అద్దాలు పగలగొట్టారు. అందుకే ఈ కాపలా. యూనిఫారం వేసుకున్నవాడు పక్కన నిలబడితే అర్జీలు తెచ్చే ముసలివాళ్లు బెదిరిపోతారని, మామూలు బట్టల్లో, తుపాకీ కనపడకుండా ఉండమని ఆమె షరతు. పెంచలయ్యను 'గారూ' అని పిలిచిన మొదటి అధికారి ఆవిడే. అన్నం తిన్నారా అని రోజూ అడిగేది. ఈ డ్యూటీ ఇంకొకరికి పోతే ఆమెను తనంత జాగ్రత్తగా చూసుకోరని ఆయన బెంగ. ఆ బెంగ నాకు నచ్చేది. నేను మాత్రం ఆయనకు నచ్చలేదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, చొక్కా కింద నేనున్నట్టు ఆయనకు తెలిసేది కాదు. ఇనుము నడుమును లాగుతూ నేనున్నానని చెబుతూ ఉండేది. నేను అలా పీక్కుతినే రకం కాదు. దాంతో ఐదు నిమిషాలకొకసారి ఆయన చెయ్యి కుడిపక్కకు పోయేది. తడిమి చూసుకుని, ఉన్నాననుకుని ఊపిరి పీల్చుకునేవాడు. నెల తిరిగేసరికి టీ కొట్టువాడి నుంచి లారీ డ్రైవర్ల దాకా పెంచలయ్య తుపాకీ ఎక్కడుంటుందో ఊరంతటికీ తెలిసిపోయింది.

ఒకరోజు మేడం పిలిచి చెప్పింది. "పెంచలయ్య గారూ, మీరు నడుం తడిమినప్పుడల్లా జనం అటే చూస్తున్నారు. డీఎస్పీ గారి దాకా పోయింది. ఇంకోసారి ఆ మాట వస్తే మిమ్మల్ని మార్చేస్తారట. నాకది ఇష్టం లేదు."

ఆయన ముఖం మాడిపోయింది. ఆ రోజునుంచి కుడిచేతికి పని కల్పించాడు. మేడం ఫైళ్ల సంచి పట్టుకునేవాడు, లేకపోతే గొడుగు. వారం తిరిగేసరికి చెయ్యి మాట వింది. తడమడం పూర్తిగా మానేశాడు.

అదే కొంప ముంచింది.

ఆ మధ్యాహ్నం ఆఫీసు వెనక బాత్రూముకు వెళ్లి, నన్ను ఒరతో సహా తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. ఇంతలో జీపు హారన్ మోగింది. ఏటి రేవులో ఇసుక లారీలు దిగాయని కబురు. ఆయన ముఖం కడుక్కుని పరుగెత్తాడు. ఇనుమే అయితే మూడో అడుగులోనే వెలితి తెలిసేది. నన్ను మరిచిపోయిన సంగతి తెలియాలంటే తడిమి చూడాలి. ఆ అలవాటును ఎంతో కష్టపడి చంపుకున్నాడాయన. సబ్బుపెట్టె పక్కన పడి ఉన్న నాకు అరిచే నోరు లేదు. జీవితంలో అంత నిస్సహాయంగా నేనెప్పుడూ లేను.

తర్వాతి సంగతి జీపు డ్రైవర్ చెబుతుంటే విన్నాను. రేవులో ఏడెనిమిదిమంది పారలు పట్టుకుని మేడాన్ని చుట్టుముట్టారట. పెంచలయ్య ముందుకు వచ్చి నడుము మీద చెయ్యి వేశాడట. అక్కడ ఏమీ లేదు. ఒక్క క్షణం ఆయన ముఖం తెల్లబోయిందట. ఆ తర్వాత చెయ్యి అక్కడే ఉంచి, మేడానికీ వాళ్లకూ మధ్యన నిలబడ్డాడట. గుంపులో ఒకడు "ఒరే, ఆయన చెయ్యి యాడుందో చూడండిరా" అన్నాడట. పారలు కిందికి దిగాయి. ఆ నడుమున తుపాకీ ఉంటుందని ఊరంతటికీ తెలుసు కదా.

ఆయన తిరిగొచ్చేసరికి బాత్రూములో స్వీపరు రమణమ్మ నన్ను గట్టు మీంచి కిందికి దించి, నా మీద బకెట్ బోర్లించి, దాని మీద కూర్చుని ఉంది. గంటన్నర అలాగే కూర్చుంది మహాతల్లి. "ఎవురికీ చెప్పలేదన్నా. తీసుకో, ఎవురికీ తెలవదు" అంది.

ఆయన నన్ను తీసుకుని నిలబడ్డాడు.  అక్కడితో ఆగిపోతే ఉద్యోగం నిలిచేది, మేడం పక్కన చోటూ నిలిచేది. కానీ నేరుగా ఆవిడ గదిలోకి వెళ్లి నన్ను బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పేశాడు.

మేడం నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూసింది. "అయితే అక్కడ ఒట్టి చేతుల్తో నిలబడ్డారా?"

"అవును మేడం."

"పక్కకు తప్పుకోవచ్చుగా?"

"మీరు ఎనకాల ఉండారు గదా మేడం."

ఆవిడ కళ్లు తుడుచుకుని కాగితం తీసి రిపోర్టు రాసింది. సొంత పెదనాన్న కొడుకు లారీనే సీజ్ చేసిన మనిషి, దీన్ని దాస్తుందా? ఆయుధం మరిచిపోయాడని ఒక వాక్యం, ఆయుధం లేకుండా తనకు అడ్డం నిలబడ్డాడని ఇంకో వాక్యం. సంతకం పెట్టేముందు ఆయన్నే చదవమంది. రెండో వాక్యం దగ్గర పెంచలయ్య చాలాసేపు ఆగిపోయాడు.

మొదటి వాక్యానికి ఆర్నెల్లు ఆర్మరీలో తుపాకులు తుడిచే పని పడింది. రోజూ నన్ను విప్పి నూనె పెట్టేవాడు. ఆ చేతికీ నాకూ అప్పుడు కుదిరింది స్నేహం. ఏడో నెలలో రెండో వాక్యం పని చేసింది. కాపలాకు ఎవరు కావాలని అడిగితే మేడం ఒక్క పేరే రాసి పంపింది.

ఆ ఉదయం ఖాజా బీరువా తెరిచి, "అబ్బయా, ఇనప పిస్తోలొకటి రిపేరై వచ్చింది. నీ పాతదే. కావాలా?" అని అడిగాడు.

నా గుండె ఆగినంత పనయింది. ఉక్కు గొట్టానికి గుండె ఉంటుందా అని అడగకండి, ఆ రోజు ఉంది.

పెంచలయ్య పాతదాన్ని ఒకసారి ప్రేమగా నిమిరి పక్కన పెట్టాడు. "వద్దు సార్. దాన్ని నమ్ముకుంటే నేను నిద్రపోతా. దీంతో అయితే మెలకువగా ఉంటా" అంటూ నన్ను అందుకున్నాడు.