కాజాలు తెగని ఖాకీ

"కొంగు దులుపే ముసల్దానా. కుచ్చిళ్ళు కూడా" అన్నాడు సన్యాసి.

ఇంకా ఎండ పోలేదు. షెడ్డు గేటు దగ్గర అందరూ ఉన్నారు. అందరి ముందూ నిలబడి బొడ్డమ్మ, మనవలున్న మనిషి, తన చీర కుచ్చిళ్ళు తానే దులిపి చూపించాలి. ఇత్తడి బొత్తాం ఒకటి తక్కువైందట.

కాశీబుగ్గలో రైలుపట్టాల పక్కన ఉన్న ఆ రేకుల షెడ్డు పాపారావుది. రైసుమిల్లు హమాలీలకు నిక్కర్లు, బస్సు డ్రైవర్లకు చొక్కాలు, ఏ మనిషి ఏ యజమాని మనిషో బట్ట చూసి తెలియాలనుకునే వాళ్ళందరికీ ఆయనే కుట్టించి ఇచ్చే కాంట్రాక్టరు. మిషన్ల మీద మగవాళ్ళు కుడతారు. కాజాలు తెరిచి అంచు కుట్టడం, బొత్తాలు వెయ్యడం ఆడవాళ్ళ పని. వాళ్ళకు బల్ల లేదు, నేలే. సాయంత్రం మిషను వాళ్ళు బీడీలు ముట్టించుకుని దర్జాగా గేటు దాటిపోతారు. ఆడవాళ్ళు మాత్రం వరుసలో నిలబడి చేతులెత్తాలి. గేటు కాపలావాడు సన్యాసి వాళ్ళ రొంటి, కొంగు, కొప్పు తడిమి చూస్తాడు. దీన్ని సోదా అంటారు. పట్టపగలు ఆడదాని ఒంటిమీద చెయ్యి వేసే పనికి ఎంత మర్యాదగల పేరో చూడండి!

"ఓరయ్యా, నా కొడుకీడోడివి. నా కాడేటీ నేదు" అంది బొడ్డమ్మ.

"నేదని నువ్వంటే సాలదు. బాబు సూడమన్నాడు."

బొడ్డమ్మ కూతురు గౌరి వరుసలోంచి ముందుకొచ్చింది. గౌరి మొగుడు సింహాద్రి లోపల ఇంకా మిషను మీదే ఉన్నాడు. మిషను వాళ్ళలో అతని మాటకు విలువుంది. అతను సగం లేచాడు. పక్క మిషను ఢిల్లీరావు చొక్కా పట్టి లాగాడు.

"మావా, కూకో. మీటింగులో సూద్దాం."

సింహాద్రి కూర్చున్నాడు. బొడ్డమ్మ కుచ్చిళ్ళు దులిపింది. ఏమీ రాలలేదు. కాసేపటికి బొత్తాం సన్యాసి కూర్చునే బల్ల కిందే దొరికింది. వాడు దాన్ని డబ్బాలో పడేసి, "సరే, ఎల్లండి" అన్నాడు. అంతే!

అది అరవై ఎనిమిదో సంవత్సరం. కొండల మీద గిరిజనులు తాము పండించిన పంట తామే కోసుకుంటున్నారనీ, పోలీసు వ్యాన్లు టెక్కలి మీదుగా అటే పరుగెడుతున్నాయనీ రోజూ ఎవరో ఒకరు కబురు తెస్తున్నారు. టీకొట్లో ఎవరూ కుదురుగా కూర్చోవడం లేదు. షెడ్డులోనూ అంతే. అప్పుడే పాపారావుకు పెద్ద ఆర్డరు వచ్చింది. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు బట్టీల యజమానులు కొందరు కలిసి, తమ గేటు కాపలావాళ్ళందరికీ ఒకే రకం ఖాకీ కోటు కావాలన్నారు. దళసరి గుడ్డ, ఇత్తడి బొత్తాలు. ఆ కాపలావాళ్ళ పనేమిటి? జీడిగింజలు కొట్టి కొట్టి చేతులు నల్లబడ్డ ఆడవాళ్ళు సాయంత్రం ఇంటికి పోతుంటే, పప్పు బద్ద ఏమైనా దాచారేమోనని తడిమి చూడడం. అంటే బొడ్డమ్మా గౌరీ కుడుతున్నది తమలాంటి ఆడవాళ్ళను తడిమే చేతులకి కోట్లు.

ఆదివారం పూట మిషను వాళ్ళు రైల్వే కూలీల యూనియన్ గదిలో మీటింగు పెట్టుకున్నారు. కాజా ఆడవాళ్ళను పిలవాలని ఒక్కడికీ తోచలేదు. గౌరి, బొడ్డమ్మ పిలవకుండానే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డారు. ఢిల్లీరావు కోరికలు పైకి చదివాడు. కూలి పెంచాలి, కుట్టు తప్పితే వేసే జరిమానా తీసెయ్యాలి, మధ్యాహ్నం తిండికి విడుపు ఇవ్వాలి.

"సోదా మాటేది?" అని అడిగింది గౌరి.

"అది ఆడోళ్ళ బాద సెల్లీ. ముందు మిసన్ల సంగతి తేలనీ. మిసనాగితే సెడ్డాగిపోద్ది" అన్నాడు ఢిల్లీరావు.

గౌరి మొగుడి వైపు చూసింది. సింహాద్రి తలెత్తకుండా, "తరవాత రాద్దారి గౌరీ. అన్నీ ఒక్కపాలే అడిగితే ఏదీ ఇవ్వడు" అన్నాడు.

బొడ్డమ్మ గొంతు పెంచలేదు. "నా సీర దులిపించిననాడు మీటింగులో సూద్దామన్నారు కదల్లుడూ. ఇది మీటింగు కాదేటి?"

ఢిల్లీరావు కోరికల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తల్లీకూతుళ్ళు వెళ్ళిపోయారు.

సమ్మె మొదలైంది. మిషన్లు ఆగాయి. ఆడవాళ్ళకు గేటు దగ్గర, "ఇయ్యాల పని నేదు" అని చెప్పి పంపేశాడు సన్యాసి. పాపారావు గాభరా పడలేదు. బరంపురం నుంచి మిషను వాళ్ళను రైల్లో దింపాడు. సింహాద్రి వాళ్ళు గేటుకు అడ్డం పడుకుంటే పోలీసులు వచ్చి లాఠీలతో తరిమారు. షెడ్డులో మిషన్లు మళ్ళీ గడగడలాడాయి. మిషనాగితే షెడ్డాగిపోతుందన్నవాడు రోడ్డుకవతల నిలబడి ఆ చప్పుడు విన్నాడు.

కానీ బరంపురం వాళ్ళు మిషను మీద మగ మహరాజులే. చేత్తో కాజా కుట్టరు. దళసరి ఖాకీకి కాజా తియ్యడం అందరికీ చేతకాదు. గాటు ఒక్క పోగు ఎక్కువైతే కోటు పాడు. ఆ చేతులన్నీ బొడ్డమ్మ ఉండే వీధిలో ఉన్నాయి. అందుకే పాపారావు తానే బండిలో కోట్ల మూటలు వేయించుకుని ఆ వీధికి వచ్చాడు.

"సోదా అంటే మీకు కష్టంగా ఉందని తెలిసిందమ్మా. ఇహ గేటూ వద్దు, సోదా వద్దు. ఇంటి దగ్గరే కుట్టుకోండి. సోమవారానికి అందితే చాలు" అన్నాడు. ఎంత జాలిగుండె!

మూటలు బొడ్డమ్మ అరుగు మీద దించి బండి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. కొందరికి ఏడుపొచ్చింది. ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు నిద్రలో కూడా ఒళ్ళు జలదరించిన బాధ ఒక్క మాటతో పోతుందంటే ఎవరికి ఆశ పుట్టదు?

"కుడదాం. మన మాట రాయడానికే సిగ్గుపడినోళ్ళ కోసం మనమెందుకు కడుపు మాడ్సుకోవాల?" అంది గౌరి.

అప్పుడే సింహాద్రి, ఢిల్లీరావు పరుగెత్తుకుంటూ వచ్చారు.

"ఓలే, ఏటి సేత్తన్నావే? అక్కడ మేం తన్నులు తింతన్నాం, ఇక్కడ మీరు ఆడి మూటలిప్పుతన్నారా? ఇది ద్రోహం కాదేటి!" అని అరిచాడు సింహాద్రి.

"ద్రోహమా?" గౌరి కత్తెర పట్టుకునే లేచింది. "మా యమ్మ ఒంటిమీద ఆడు సెయ్యేసినపుడు కూకున్నావు బావా. అదేటి?"

ఢిల్లీరావు ఏదో సర్దిచెప్పబోతే ఆడవాళ్ళంతా ఒక్కసారి మీద పడ్డారు. "మమ్మల్ని పిలిసినారేటి?" "మీరు అడక్కుండా సమ్మి సేసీసి మమ్మల్ని కట్టుపడమంతారా?" వీధి వీధంతా గోల.

సింహాద్రి ఆ నేల మీదే కూలబడ్డాడు. "తప్పయిపోనాది. సోదా మాటే ముందు రాత్తాం. మీరు సెప్పండి, ఏటి సెయ్యమంతారో" అన్నాడు.

గౌరికి కోపం తగ్గలేదు. "ఇప్పుడు మా పనడ్డమొచ్చింది కాబట్టి సెప్తన్నావు."

"అయితే అవనీయే" అంది బొడ్డమ్మ. "ఆడైనా అంతే. పాపారావుకి మన సేతుల్తో పనిపడ్డాది, సోదా మానీసినాడు. సోమారం దాటితే మల్లీ గేటుంటాది, మల్లీ సన్నాసుంటాడు. అంతకన్నా ఈ కోట్లేసుకుని జీడిబట్టీల కాడ ఎంతమంది సన్నాసులు నిలబడతారో ఆలోసించినారేటి? ఆ గింజలు కొట్టే గుంటలు మనోళ్ళు కారేటి?"

బొడ్డమ్మ గౌరి చేతిలోంచి కత్తెర తీసుకుంది.

"బొత్తాలు కుట్టండి. ఒక్క బొత్తాం కూడా తగ్గకూడదు, మనల్ని దొంగలన్నాడు కదా. కాజా మాత్రం ఒక్కటీ తెగకూడదు, గుడ్డకి కత్తెర తగలకూడదు."

సోమవారం పొద్దున్న పాపారావు బండి వచ్చేసరికి మూటలు లేవు. ఆడవాళ్ళు ఆ కోట్లను చీరల మీద తొడుక్కున్నారు! మోకాళ్ళు దాటిన ఖాకీ కోట్లు, మెరిసే ఇత్తడి బొత్తాలు, ఒక్కటీ పెట్టుకోవడానికి వీల్లేక గాలికి కొట్టుకుంటుంటే కాశీబుగ్గ బజారు నడిమధ్య నడిచారు. వెనక మిషను వాళ్ళు. కొట్లలోంచి జనం బయటికొచ్చి మొదట నవ్వారు. ఇదేమిటని అడిగారు. విన్నాక నవ్వడం మానేసి వెంట నడిచారు. బట్టీలకు పోతున్న జీడి ఆడవాళ్ళు ఆగి ఆ కోట్ల వైపు అలాగే చూశారు. ఆ కోట్లు ఎవరికోసమో గౌరి వాళ్ళకు చెప్పింది.

షెడ్డు దగ్గర సరుకు కోసం బట్టీల యజమానుల మనుషులు కాచుకుని ఉన్నారు. బొడ్డమ్మ నేరుగా సన్యాసి ముందు నిలబడింది.

"సోదా సెయ్యరా. ఈ పాలి బజారంతా సూత్తంది."

సన్యాసి చేతులు లేవలేదు. పాపారావు పరుగున వచ్చి ఒక కోటు అంచు పట్టుకు చూసి అదిరిపడ్డాడు.

"కాజాలేవే?"

"బొత్తాలన్నీ ఉన్నాయి, లెక్కెట్టుకో. కాజాలు మా సేతుల్లో ఉన్నాయి. సోదా ఎత్తీసినామని ఇక్కడే, ఈళ్ళందరి ముందర సెప్పు. మిసనోళ్ళడిగినియ్యీ ఒప్పుకో. అప్పుడు తెగుతాయి."

"జీడిబట్టీల కాడ కూడా!" అని అరిచింది గౌరి. జనం ఆ మాట అందుకున్నారు.

పాపారావు పోలీసులకు కబురు పెట్టాడు. వ్యాను వచ్చింది. హెడ్డు కానిస్టేబులు బొడ్డమ్మ కోటు పట్టుకుని, దొంగసొత్తు ఒంటి మీదే ఉందన్నాడు. సింహాద్రి ఈసారి ఎవరు లాగినా ఆగలేదు. అత్తకు అడ్డంగా నిలబడి లాఠీ దెబ్బ నుదుటిమీద తిన్నాడు. ఇద్దర్నీ వ్యాను ఎక్కించారు.

"ఓలే గౌరీ, ఏడవకు. సాయంత్రం బట్టీల గేట్ల కాడికెల్లండి" అంది బొడ్డమ్మ వ్యానులోంచి.

వెళ్ళారు. కాజా ఆడవాళ్ళు, మిషను వాళ్ళు, బజారు కూలీలు, స్కూలు వదిలిన కుర్రాళ్ళు కూడా. బట్టీ వదిలే వేళకు మొదటి గేటు దగ్గరికి చేరారు. లోపలినుంచి జీడి ఆడవాళ్ళు వచ్చారు. కాపలావాడు అలవాటు కొద్దీ వరుసలో నిలబడమన్నాడు. ఎవరూ నిలబడలేదు. ముందున్న మనిషి సూర్యకుమారి, జీడిసొన కాల్చిన నల్లటి చేతులు కిందికే ఉంచి అతని ముందుకొచ్చింది.

"సోదా నేదు. దారియ్యి."

వాడు ఆమె వెనక నిలబడ్డ ఆడవాళ్ళను చూశాడు, గేటవతల జనాన్ని చూశాడు, పక్కకి తప్పుకున్నాడు. ఆడవాళ్ళంతా చేతులెత్తకుండా నడిచి బయటికొచ్చారు. కొందరికి నడక తడబడింది, ఎన్నేళ్ళుగానో అలా నడవలేదు. తర్వాతి గేటు దగ్గరా అంతే. ఆ తర్వాతి గేటు తీసే ఉంది, కాపలావాడు లేడు.

రేపు ఎన్ని వ్యాన్లు వస్తాయో అందరికీ తెలుసు. భయం లేదని ఎవరూ అనలేదు. గౌరి రోడ్డు మధ్యన ఆగి వెనక్కి తిరిగి చూసింది. పొద్దున్నకంటే జనం ఎక్కువ ఉన్నారు.

"మా యమ్మా, నా మొగుడూ టానాలో ఉన్నారు. ఒచ్చేవోళ్ళు రండి" అంది.

ఇంటిదారి పట్టిన ఆడవాళ్ళు కూడా తిరిగి వచ్చారు. అందరూ కలిసి పోలీసు ఠాణా వైపు నడిచారు.