నేల పదును

కొత్త వ్యవసాయ విధానం రాయడానికి రైతుల్ని కూడా పిలిచారు. మా చుట్టుపక్కల ఊళ్ల తరఫున నన్ను పంపారు. నా నోటికి జడిసే పంపారని మా మరిది అంటాడు. అననీ.

నాకు కావలసింది ఒక్కటే. పదిహేనో తేదీలోపు విత్తితేనే పంట బీమా అన్న నిబంధన పోవాలి. వాన తేదీ చూసుకుని రాదు కదా. ఆ తేదీకి భయపడి పొడి నేలలో విత్తి, రెండుసార్లు గింజలన్నీ చీమలపాలు చేశాం. అందుకే మొదటి సమావేశంలో, "పదును చూసి విత్తుకోనివ్వండి" అని చెప్పి వచ్చాను.

రెండో సమావేశంలో ముసాయిదా చదివారు. "రైతుల కోరిక మేరకు, పనిముట్లకు పదును పెట్టే యంత్రాలు సరఫరా చేయబడును." అందరూ చప్పట్లు కొట్టారు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టుంది. ఒళ్లు మండి లేచాను.

"అయ్యా, నేనడిగింది కత్తి పదును కాదు, నేల పదును. విత్తడానికి సరిపడా తడి."

అధికారి మంచివాడే, నొచ్చుకున్నాడు. పెన్ను తీశాడు. "అయితే వాన పడ్డ ఎన్నో రోజుకి వస్తుందమ్మా ఆ పదును?"

ముప్పై ఏళ్లు ఆ మాట చెప్పింది మా ఆయన. పొద్దున్నే చేలో మట్టి పిడికిట పట్టి, "ఇవాళ కాదే" అనేవాడు. మర్నాడు, "ఊఁ, పట్రా" అనేవాడు. నేను గింజల బుట్ట ఎత్తుకునేదాన్ని.

"మా ఆయన్నడిగి చెప్తానండీ" అన్నాను.

అనేశాక గుర్తొచ్చింది. ఆయన పోయి రెండేళ్లు.

"సరే, వచ్చేసారి ఆయన్నే పంపండి" అన్నాడు అధికారి.

ఎంత బాగుండేది! ఆ మెత్తటి కుర్చీలో ఆయన ఇబ్బందిగా కదులుతూ ఉంటే పక్కన నేను నవ్వుకునేదాన్ని. ఆ గొంతు ఒక్కసారి వినాలని ప్రాణం కొట్టుకుపోయింది.

"ఆయన రారు. నేనే చెప్తా, రాసుకోండి. ఈ రెండేళ్లూ నేనే చూసుకుంటున్నా. రోజుల లెక్కేం లేదు. పిడికిలి బిగిస్తే మట్టి ముద్దవ్వాలి, కింద పడేస్తే విడిపోవాలి. అది వచ్చిందో లేదో ఆ ఊరి రైతులే చెప్పాలి."

రాసుకుని, చదివి వినిపించాడు. ఒక్క మాట తప్పు పోలేదు. నా ముందే పదిహేనో తేదీ కొట్టేశాడు.

తిరుగు బస్సులో, ఈ సంగతి ఆయనకి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలా అని మాటలు పేర్చుకుంటూ, మా ఊరు దాటిపోయాను.