ఇంకో అంగుళం

పెట్టెలాయన డిక్కీలోకి సగం దూరి, మోకాళ్లు బంపరుకు ఆనించి, ప్లైవుడ్ పెట్టెను రెండు చేతులా వెనక్కి లాగుతున్నాడు. పెట్టెలో మూడు సబ్‌వూఫర్లు వరసగా ఉన్నాయి. పళ్లేలంత నల్లటి స్పీకర్లు. పాటలోని బరువు మోతంతా వాటిదే. మధ్యలో అడ్డుగోడలు పెట్టి ఎవరి గది వాళ్లకివ్వాలి. వెనక సీటుకు ఎంత ఎడం ఉండాలో, డిక్కీ తలుపుకు ఎంత ఉండాలో చూసుకోవాలి. మూడూ ఒకే ఊపులో ఆడాలి. ఒకటి ఎదురు తిరిగిందా, మోత చచ్చూరుకుంటుంది.

ఆ వీధిలో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. కార్లకు స్పీకరు పెట్టెలు చేస్తాడు కాబట్టి పెట్టెలాయన. సన్నటి పొడుగాటి మనిషి. ఏళ్ల తరబడి డిక్కీల్లోకి వంగి వంగి నడుము ఇక పూర్తిగా నిటారు కావడం మానేసింది. కనుబొమల మీద ఎప్పుడూ రంపపు పొట్టే.

"ఎలా ఉందిరా?" అని అరిచాడు.

"అదిరింది బావా! గుండెకాయ గొంతులోకొచ్చింది," అన్నాడు ముందు సీట్లోంచి బావమరిది. పెట్టెలు ఈయనవి, వైర్లు అతనివి.

"కుడిపక్క కాస్త మందంగా లేదూ?"

"నీ చెవిలో పొట్టు పడిందేమో చూసుకో."

"పాట ఆపు. ఇంకో అంగుళం జరుపుదాం."

బావమరిది దిగివచ్చాడు. బిగించిన స్క్రూలన్నీ మళ్లీ విప్పారు.

కారు యజమాని కొట్టు గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. అద్దెకారు నడుపుకునేవాడు, దూరపు ఊరివాడు. పని కాగానే అతనితోపాటు బావమరిదీ ఆ ఊరికే వెళ్లిపోతాడు. నర్సుగా చేస్తున్న బావమరిది భార్యకు అక్కడికి బదిలీ అయింది. ఆమె పిల్లల్ని తీసుకుని ముందే వెళ్లింది. చేతిలో ఉన్న ఈ ఒక్క పనీ అయ్యాక వస్తానని ఇతను ఆగాడు.

పెట్టెలాయన భార్య ఇతని అక్క. ఆమె పోయినప్పుడు, ఇక ఈ కొట్టుతో తమ్ముడికేం పని అనుకున్నారంతా. కొన్నాళ్లకు పెట్టెలాయన గది తలుపు తీసుకుని బయటికొస్తే, కొట్టు షట్టరు అప్పటికే ఎత్తి ఉంది. బావమరిది నేలమీద బాసింపట్టు వేసుకుని వైర్ల తొడుగు ఒలుస్తున్నాడు. "ఆలస్యమైందేం బావా?" అన్నాడు, అంతే. ఆనాటినుంచీ ఇద్దరూ ఆమె మాట ఎత్తలేదు. అతనింటి నుంచి వచ్చే క్యారియరు చెరిసగం తిన్నారు. పెట్టెల గురించే మాట్లాడుకున్నారు.

ఈసారి పెట్టెను సీటు దగ్గరికి నెట్టారు. మోత మొద్దుబారింది. తలుపు దగ్గరికి లాగారు. నంబరు ప్లేటు గడగడలాడింది.

"మధ్యదాని మూతి పైకి తిప్పితేనో? కొత్త పలక కోస్తాను," అన్నాడు పెట్టెలాయన.

"అయ్యా, పొద్దుండగా ఊరు చేరాలండీ," అని నసిగాడు యజమాని.

"రోజూ వినాల్సింది మీరే కదండీ!"

బావమరిది వంగి డిక్కీలోకి తల పెట్టాడు. ఇద్దరి భుజాలూ ఒరుసుకున్నాయి.

"బావా," అన్నాడు మెల్లగా. "మొదట పెట్టిన చోటే బాగుంది కదా."

పెట్టెలాయన స్క్రూడ్రైవరు పిడిని చొక్కా అంచుతో తుడిచాడు. "ఊ."

"నాకూ తెలుసు."

"తెలిసీ ఎందుకు విప్పావురా?"

"నువ్వు విప్పమన్నావుగా."

పెట్టెలాయన విప్పిన స్క్రూలు ఒక్కొక్కటే ఏరి అరచేతిలో పోసుకున్నాడు.

"నువ్వూ వచ్చెయ్ బావా. మా ఆవిడ మరీ మరీ చెప్పింది."

"వస్తాలే. చేయాల్సిన పెట్టెలున్నాయి కదా, అవి కానీ."

పెట్టెలేవీ లేవని ఇద్దరికీ తెలుసు. మొదటి చోటే పెట్టి స్క్రూలు బిగించారు. చివరి స్క్రూ పెట్టెలాయన చాలాసేపు తిప్పాడు.

బావమరిది మొహం కడుక్కుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సంచీ ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. పెట్టెలాయన కిటికీ దగ్గరికొచ్చాడు. తలుపు మీది పొట్టు తుడిచాడు.

"పాట పెట్టు," అన్నాడు.

కారు కదిలింది. షట్టరు రేకు దడదడలాడింది. మలుపు దగ్గర పాట పోయి, మోత ఒక్కటే మిగిలింది. పెట్టెలాయన రేకు మీద అరచెయ్యి ఆనించి, ఆ వణుకు పూర్తిగా ఆగేదాకా నిలబడ్డాడు.

లోపలికొచ్చి పొట్టు ఊడ్చాడు. లైటు ఆర్పబోతూ ఆగిపోయాడు. స్విచ్చి పైన మేకుకు బావమరిది పని చొక్కా వేలాడుతోంది. మోచేతుల దాకా మడిచిన చేతులు మడిచినట్టే ఉన్నాయి.