స్వప్న దిగే చోటు

జేసీబీ నడపడంలో స్వప్నకు వంక పెట్టగల మొనగాడు యానాం మొత్తంలో లేడు. దరియాలతిప్పలో గోదావరి గట్టు పని మొదలైన దగ్గర్నుంచి మూడేళ్లుగా ఆ పసుపుపచ్చ బండి ఆమె చేతిలోనే ఉంది. పక్కన కోడిగుడ్డు పెట్టి మట్టి తియ్యమన్నా గుడ్డుకు దెబ్బ తగలకుండా తీస్తుంది. ఇంత వచ్చీ ఏం లాభం? మట్టిదారి అయిపోయి తారురోడ్డు మొదలయ్యే చోట దిగిపోవాల్సిందే. అక్కడ కరెంటు స్తంభం పక్కన ముందు బకెట్ నేలకు ఆనించి, ఇంజన్ ఆపి, తాళం డ్రైవరు లూయిస్ చేతిలో పెట్టాలి. ఈ బండిని రోడ్డు మీద తోలే లైసెన్సు ఉన్నది ఆయనకే. ఆయన దర్జాగా ఎక్కి పోతుంటే, పొద్దున్నే ఆయన ఇచ్చిన మోపెడ్ తాళంతో ఆయన మోపెడ్ తీసి, ఆ ఇంజన్ పొగ మింగుతూ వెనకాలే వెళ్లాలి.

కారు లైసెన్సు ఉంది కదా అని మొదట్లో ఒకసారి వాదించింది.

"కారు లైసెన్సు కారుకేనమ్మా" అన్నాడు లూయిస్. "గట్టు మీద నీ ఇష్టం. రోడ్డెక్కిందంటే దీని లైసెన్సు దీనికుండాలి. ఎవరికైనా తగిలిందంటే ఏం సమాధానం చెప్తాం?"

చాదస్తపు మనిషి అని అప్పట్లో తిట్టుకుంది కూడా.

ఈ నెలాఖరుకి లూయిస్ పని మానేస్తున్నాడు. కాంట్రాక్టరు కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. సోమవారం నుంచి బండి ఫరంపేట పనికి వెళ్లాలి, రోజూ రోడ్డెక్కాలి, తనకు ఒక్క మనిషే చాలు. లైసెన్సు వస్తే స్వప్న. రాకపోతే కాకినాడ నుంచి ఇంకొకరు వచ్చి ఆ సీట్లో కూర్చుంటారు. పరీక్ష ఇవాళే.

పొద్దున్నుంచీ ఆమె కాలు ఒకచోట నిలవలేదు. ఎల్ బోర్డు రెండుసార్లు, అద్దాలు నాలుగుసార్లు తుడిచింది. తల్లి కృపమ్మ ఇడ్లీ పెడితే చట్నీ వెయ్యకముందే తినేసింది. భయం కాదది, సంబరం. లైసెన్సు వస్తే తన బండి తనది. రాకపోతే? ఆ ఆలోచన మనసులోకి రానివ్వలేదు.

రవాణా శాఖ అధికారి ఫైలు పట్టుకుని స్కూటర్ మీద గట్టు దగ్గరికి వచ్చాడు.

"దీంట్లో ఒకటే సీటు కదమ్మా. నేను వెనకాల వస్తాను. రోడ్డెక్కి ఎడమకు తిరిగి వంతెన దాకా వెళ్లి రా. చెప్పేదాకా ఆపకు."

స్వప్న ఎక్కింది. బెల్టు పెట్టుకుంది. బండి వెనకున్న తవ్వే చేతికి లాకు వేసి, ముందు బకెట్ లేపి, హారన్ కొట్టి బయల్దేరింది. ఇంజన్ ఒకపక్క, గుండె ఒకపక్క దడదడలాడుతున్నాయి. మట్టిదారి అయిపోయింది. స్తంభం వచ్చింది.

స్వప్న ఆపింది. బకెట్ దించింది. ఇంజన్ కట్టేసింది. తాళం తీసుకుని మెట్టు దిగి, ఇదిగో అన్నట్టు చెయ్యి చాపింది.

ఎదురుగా లూయిస్ లేడు. అధికారి ఉన్నాడు. లూయిస్ అంత దూరాన గట్టు మీద నెత్తిన చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. స్వప్నకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏమ్మా, దిగావేం? ఆపొద్దన్నానా లేదా?"

టైరు చూద్దామని దిగానంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఊడిపడింది మాత్రం నిజమే.

"అలవాటండీ. రోజూ ఇక్కడ దిగిపోతానండి. లైసెన్సు లేదు కదండీ. ఇక్కణ్ణుంచి లూయిస్ మావయ్య తోల్తారండి."

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడేళ్లండి."

"ఎదురుగా ఆ కిళ్లీకొట్టు దాకా కూడా తోల్లేదా?"

"ఒక్క చక్రం కూడా ఎక్కించనివ్వలేదండి ఆయన."

అధికారి స్తంభం మొదట్లోకి చూశాడు. మూడేళ్లుగా బకెట్ ఆనీ ఆనీ అక్కడ నేల గుంట పడిపోయి ఉంది. ఆ గుంటను చూశాడు, ఆమె చేతిలో తాళాన్ని చూశాడు. ఫెయిలని రాయబోతూ తెరిచిన కలం మూసి జేబులో పెట్టుకున్నాడు.

"నా పరీక్ష రోడ్డు మీద. ఇంకా రోడ్డు రాలేదుగా. ఎక్కు. ఇంకోసారి దిగావో, ఫెయిలే."

ముందు చక్రాలు తారు మీదికి ఎక్కాయి. తర్వాత వెనక చక్రాలు. అబ్బ, ఏం రోడ్డది! ఆటోకు దారిచ్చింది, స్పీడ్ బ్రేకరు దగ్గర మెల్లగా దాటించింది, చేపల గంపతో రోడ్డు దాటుతున్న ఆరోగ్యమ్మ కోసం ఆగింది. "ఓసి నువ్వా!" అని ఆరోగ్యమ్మ నోరు తెరిచింది. స్వప్నకు కేకలు పెట్టాలనిపించింది. పరీక్ష అని గుర్తొచ్చి పెదాలు బిగించుకుంది. వంతెన దగ్గర తిరిగి వచ్చి ఆగగానే, వెనకే వచ్చిన అధికారి కాగితం మీద సంతకం పెట్టేశాడు.

సోమవారం పొద్దున్న బండి స్తంభం దగ్గరికొచ్చేసరికి లూయిస్ అక్కడే ఉన్నాడు. ఆయనకింకా రెండు రోజుల పనుంది. అలవాటు చొప్పున తాళం కోసం చెయ్యి చాపి నిలబడ్డాడు.

స్వప్న రోడ్డు అటూ ఇటూ చూసుకుంది. ఇంజన్ ఆపలేదు. క్యాబిన్‌లోంచి కిందికి వంగి, ఇందాక ఆయనిచ్చిన మోపెడ్ తాళం ఆయన అరచేతిలో పెట్టింది.

"వెనకాల రండి మావయ్యా. పొగ రాకుండా మెల్లిగా తోల్తాలెండి."