నా వెనక నడిచినవాళ్ళు

నేను ఒక గొడుగును. పసుపు పచ్చని గుడ్డ, వంకీ తిరిగిన చెక్క పిడి, నిటారైన నడుము. మడతలు పెట్టి చేతిసంచీలో కుక్కే పొట్టి గొడుగులతో నాకు చుట్టరికం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మన మధ్య అపోహలుండవు.

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక ఇరుకు సందులో జానీమియా అనే పెద్దాయన నన్ను మోకాళ్ళ మధ్య బిగించి చువ్వలకు గుడ్డ కుట్టాడు. అప్పట్లో ఆయన చుట్టూ ఉన్నవన్నీ నల్ల గొడుగులే. పెళ్ళివారెవరో పసుపు రంగులోనే కావాలని పట్టుబట్టడంతో నేను పుట్టాను. అందరూ నల్లగా ఉన్నచోట ఒక్కదాన్నీ పచ్చగా మెరిస్తే గర్వం రాకుండా ఎలా ఉంటుంది? వచ్చింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

నా మొదటి ప్రయాణం కాశీకి. పెళ్ళికొడుకు నన్ను పట్టుకుని, కొత్త చెప్పులేసుకుని, సంసారం వద్దు సన్యాసమే ముద్దని బయల్దేరాడు. కల్యాణమండపం గేటు దాకా కూడా పోనివ్వకుండా పెళ్ళికూతురి తమ్ముడు ఎదురొచ్చి, గడ్డం పట్టుకుని, బెల్లంముక్క నోట్లో పెట్టి వెనక్కి తిప్పేశాడు. సన్యాసి కావాల్సినవాడు అంత సంతోషంగా వెనక్కి రావడం నేనెప్పుడూ చూడలేదు. పెళ్ళయ్యాక నన్ను ఎవరూ పట్టించుకోలేదు. ఆ తమ్ముడే, ఫణీంద్ర అతని పేరు, నన్ను ఇంటికి తీసుకుపోయాడు.

ఫణీంద్ర విదేశీ యాత్రలు నడిపే ఒక కంపెనీలో చేరాడు. మొదట్లో పెద్దవాళ్ళ వెనక తిరిగి పని నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఒక వేసవిలో, పోర్చుగల్ సముద్రతీరంలో చేపల రేవులూ వైన్ ఊళ్ళూ చూపించే యాత్రను మొదటిసారి ఒక్కడికే అప్పగించారు. గోదావరి జిల్లాల నుంచి ఇరవై పైచిలుకు మంది. అందరూ నడివయసు దాటినవాళ్ళే. విమానాశ్రయంలో నన్ను యంత్రంలోకి తోసి ఎముకలన్నీ తెర మీద చూశారు. అంత సిగ్గు నేనెన్నడూ పడలేదు.

అక్కడ దిగిన మొదటి పొద్దున్నే ఫణీంద్ర నన్ను పైకెత్తి పట్టుకున్నాడు. "గొడుగు ఎక్కడుంటే మనం అక్కడ. నా మొహం చూడక్కర్లేదు, గొడుగు చూసుకుని నడవండి" అన్నాడు. యాత్ర మొత్తానికి అదొక్కటే చట్టం. నాకు అంతకంటే ఏం కావాలి?

పోర్టో అనే ఊళ్ళో నది ఒడ్డున చల్లటి కొట్టాల్లో నిద్రపోతున్న వైన్ పీపాలు చూశాం. మగవాళ్ళు రుచి పేరుతో గ్లాసులు ఖాళీ చేశారు. "ద్రాక్షరసమేగా" అనుకుంటూ ఆడవాళ్ళూ పెదవులు తడుపుకున్నారు. ఆ సాయంత్రం బస్సులో పాటలు పాడిందెవరో చెప్పను. నజరే అనే చేపల ఊళ్ళో ఇసుకలో తడికెల మీద ఎండబెట్టిన చేపలు చూశాం. మన వైపు ఎండుచేపల గంపకు ముక్కు మూసుకుని పరుగెత్తేవాళ్ళు కూడా అక్కడ వాటి పక్కన నిలబడి, తల పక్కకు వాల్చి, ఫొటోలు దిగారు.

బస్సులో నా చోటు మొదటి సీటు పక్కన. ఆ సీట్లో నరసాపురం నుంచి వచ్చిన పేర్రాజు మాస్టారు, ఆయన భార్య సుభద్రమ్మ కూర్చునేవారు. ఆయన హైస్కూల్లో జాగ్రఫీ చెప్పి రిటైరైన మనిషి. ఈ తీరాన్ని ఉద్యోగమంతా బోర్డు మీద సుద్దముక్కతో గీశారు గానీ కళ్ళతో చూడలేదు. ఇక్కడే నాకొక రహస్యం తెలిసింది.

ఎవరైనా సీటు దగ్గరికి వస్తుంటే సుభద్రమ్మ భర్త చెవిలో గబగబా చెప్పేది. "సత్తిబాబు గారు. భీమవరం. రొయ్యల చెరువులు." ఆ మనిషి దగ్గరికి రాగానే మాస్టారు నవ్వుతూ "ఏమోయ్ సత్తిబాబూ, రొయ్యలు ఎలా ఉన్నాయి?" అనేవారు. "మంగతాయారు గారు. పెద్దావిడ. తణుకు" అని ఆవిడ ఊదితే, "తణుకు ఎండలకంటే ఇక్కడే నయం కదండీ" అని ఆయన అందుకునేవారు. చూసేవాళ్ళకు భలే కలుపుగోలు మనిషి అనిపించేది. నిజానికి మాస్టారికి మతిమరపు జబ్బు మొదలైంది. ఆయన్ని ఎక్కడికైనా తీసుకువెళ్ళాలంటే ఈ సంవత్సరమే తీసుకువెళ్ళమని డాక్టరు చెప్పాడట. ఆ మాట ఫణీంద్రకు చెబితే వెనక్కి పంపేస్తారని ఆవిడ భయం. దానికంటే పెద్ద భయం ఇంకోటుంది. తెలిసిన మరుక్షణం నుంచి అందరూ మాస్టారితో మాట్లాడడం మానేసి, ఆయన తల మీదుగా తనతో మాట్లాడతారని. నరసాపురంలో బంధువులు అప్పటికే అలా మొదలుపెట్టారు. ఇక్కడ మాత్రం ఆయన ఇంకా మాస్టారే. దాన్ని కాపాడుకోడానికి ఆవిడ ఆయన చొక్కా చెయ్యి ఎప్పుడూ వదిలేది కాదు. కాపురంలో ఇన్నేళ్ళకు ఎంత ప్రేమో అని తోటి ఆడవాళ్ళు అనుకుంటున్నారని నేననుకున్నాను.

సెతుబల్ అనే ఊరికి వచ్చాం. ఒక పక్క కొండవాలున ద్రాక్షతోటలు, ఇంకో పక్క చేపల పడవలు. వీధుల్లో నిప్పుల మీద కాలుతున్న చేపల వాసన. మధ్యాహ్నం ఒక పాత వైన్ కొట్టానికి వెళ్ళాం. వాకిట్లో రాతి బెంచీ ఉంది. లోపల ఇంకో గుంపు అడ్డం తగలడంతో వేళ కుదుర్చుకోడానికి ఫణీంద్ర హడావుడిగా వెళ్తూ నన్ను ఆ బెంచీకి ఆనించాడు. సుభద్రమ్మ బాత్‌రూమ్‌కి వెళ్ళాలి. మాస్టారిని ఆ బెంచీ మీద కూర్చోబెట్టి "ఏవండీ, ఇక్కడే ఉండండి. నేను వచ్చేదాకా లేవకండి" అని రెండుసార్లు చెప్పి వెళ్ళింది. లోపల ఆడవాళ్ళ వరస చాలా పొడుగ్గా ఉందని ఆవిడకు వెళ్ళాక గానీ తెలియలేదు.

మాస్టారు కాసేపు కూర్చున్నారు. నన్ను చూశారు. చేతిలోకి తీసుకుని పిడి తడిమారు. ఒక్కసారిగా లేచి నిలబడి, నన్ను పైకెత్తి, గొంతు సవరించుకుని "లైన్లో రండ్రా!" అన్నారు.

అటూ ఇటూ నిలబడి ఉన్న మనవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరేసి చొప్పున మా వెనక నిలబడ్డారు.

ఓహో అనుకున్నాను. ఇదీ నా పలుకుబడి! నన్ను ఎవరు పట్టుకున్నారన్నది కాదు, గొడుగు లేస్తే గుంపు లేస్తుంది. ఫణీంద్ర చట్టం అంత గట్టిగా పనిచేస్తుందని నేను కూడా అనుకోలేదు. ఛాతీ విరుచుకుని ముందుకు సాగాను.

సన్నటి సందులు, తెల్లరాళ్ళు పరిచిన దారి, గోడల మీద నీలం పింగాణీ పలకలు. మాస్టారు ఎక్కడా తడబడలేదు. వాలు ఎటుంటే అటు నడిచారు. వెనక నుంచి సత్తిబాబు "మాస్టారండీ, నెమ్మదిగా ఎల్దామండీ, పెద్దావిడ రాలేపోతన్నారు" అని అరిస్తే ఆగి, మంగతాయారు గారు అందుకునేదాకా నిలబడ్డారు. చేపలు కాలుస్తున్న హోటలతను బల్లలు పక్కకు జరిపి దారిచ్చాడు. ఇదేదో మా దేశపు ఊరేగింపు అనుకున్నాడో ఏమో, టోపీ కూడా తీశాడు. అలా రేవు దాకా వచ్చేశాం. నీలం, ఎరుపు రంగుల పడవలు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మనుషులు. మాస్టారు నన్ను బెత్తంలా చాచి పడమర వైపు చూపించారు.

"అదిగో, అట్లాంటిక్ మహాసముద్రం. ఈ దేశపు నావికులు ఇక్కడి నుంచి బయల్దేరి ఆఫ్రికా చుట్టూ తిరిగి మన దేశం చేరారు. రాసుకోండి."

"ఆయ్, రాసుకుంటన్నామండీ" అన్నాడు యాభై అయిదేళ్ళ సత్తిబాబు, అరచేతి మీద వేలితో రాస్తూ.

మాస్టారు మొహం వెలిగిపోయింది. ఆయన ఇంకేదో చెప్పబోయి ఆగారు. నీళ్ళకేసి చూశారు. పడవలకేసి చూశారు. వెనక్కి తిరిగి ఆ మొహాలకేసి చూశారు. నన్ను దించి రెండు చేతులా గట్టిగా పట్టుకున్నారు. అప్పుడు గానీ నాకు భయం పుట్టలేదు. ఒక అడుగు పక్కకు పడితే నీళ్ళు. పట్టుకోడానికి నాకు చేతుల్లేవు. ఇరవై మందిని వెంటబెట్టుకొచ్చిన నా గొప్పతనం అంతా ఆ ఒక్క క్షణంలో దిగిపోయింది.

"మనిల్లు ఎటు?" అని అడిగారాయన, చిన్న గొంతుతో.

మంగతాయారు గారు ముందుకొచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది. "ఇంటికెళ్ళే వేళ ఇంకా అవలేదురా తమ్ముడూ. కాళ్ళు పీకుతున్నాయి నాకు. కాసేపు కూర్చుందాం రా" అంది. ఆయన చంటిపిల్లాడిలా ఆవిడ వెంట వెళ్ళి రేవుగోడ మీద కూర్చున్నారు. నీళ్ళ వైపు సత్తిబాబు కూర్చున్నాడు. మిగతావాళ్ళు చుట్టూ చేరారు. ఎవరో సంచీలోంచి జంతికలు తీశారు.

ఇక అక్కడ, వైన్ కొట్టం వాకిట్లో ఏం జరిగిందో తర్వాత ఫణీంద్ర నోటి వెంట విన్నాను. సుభద్రమ్మ బయటికి వచ్చేసరికి బెంచీ ఖాళీ. మాస్టారు లేరు, గొడుగు లేదు, గుంపు లేదు. ఆవిడ కేక విని ఫణీంద్ర పరుగెత్తుకొచ్చాడు. దారిలోనే ఆవిడ ఏడుస్తూ జబ్బు సంగతి చెప్పేసిందట. మొదటి యాత్రలోనే ఒక మనిషి పోతే తన బతుకేమిటనుకున్నాడట. ఇద్దరూ కనబడ్డవాళ్ళనల్లా పసుపు గొడుగు, పసుపు గొడుగు అని చేతులతో చూపిస్తూ అడిగారు. హోటలతను రేవు వైపు చెయ్యి చూపించగానే ఆవిడ చెప్పులు విప్పేసింది. అటు నీళ్ళున్నాయి మరి.

ఆవిడ చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తి రావడం నేను దూరం నుంచే చూశాను. మాస్టారి భుజానికి ఆనుకుని ఉన్న నేను ముందు కనబడ్డాను. తర్వాత ఆయన కనబడ్డారు. జంతిక నములుతున్నారు. సుభద్రమ్మ వచ్చి ఆయన ముందు కూలబడి, మొహం, చేతులు, మోకాళ్ళు తడిమి చూసుకుంది. "ఏవండీ, ఏవండీ" అంటూనే ఉంది. ఆయన ఆవిడ జుట్టు సవరించి "ఎందుకంత పరుగు సుభద్రా? పిల్లలున్నారుగా నాతో" అన్నారు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని అందరికేసి తిరిగింది. తప్పు చేసినదానిలా చేతులు జోడించింది. "మీకెవరికీ నేను చెప్పలేదు. ఈయనకి..."

"మాకు తెలుసమ్మా" అంది మంగతాయారు గారు.

సుభద్రమ్మ జోడించిన చేతుల్ని ఆవిడే పట్టుకుని దించింది.

"నజరేలో నన్ను అక్కాయ్ అని పిలిచాడు. ఆకలేస్తోంది, అన్నం పెట్టమన్నాడు. నీకు చెబితే బెంగెట్టుకుంటావని నా దగ్గరున్న పులిహోర పెట్టాను. బస్సులో నువ్వు మా పేర్లు ఆయన చెవిలో చెప్పడం కూడా చూశాం. అందుకే నువ్వు చెప్పడం అయ్యేదాకా కాస్త ఆగి, నెమ్మదిగా వచ్చేవాళ్ళం."

ఫణీంద్ర ఇంకా రొప్పుతూనే ఉన్నాడు. "తెలిసీ ఆయన వెనక ఎందుకు వచ్చారండీ? ఆపొచ్చు కదా!"

సత్తిబాబు తల గోక్కున్నాడు. "మాస్టారు కదండీ. ఇంతమందిలో చెయ్యట్టుకుని ఆపేస్తే చిన్నబోతారండీ. అలాగని ఒక్కరినీ వదిలేత్తామా? అందుకని అందరం ఎనకాలే వచ్చేసేం. మీకు చెప్పమని లోపలున్న దొరసానికి సైగ చేసేనండీ. ఆవిడ నవ్వి ఓ గళాసు వైన్ పోసింది. కాదంటే బాగోదని తాగేసేను. మిగతావోళ్ళు నేను చెప్పేసేననుకున్నారండీ."

ఇదండీ నా పలుకుబడి. నన్ను చూసుకుని ఒక్కరూ నడవలేదు. సిగ్గుపడాల్సిన చోట నాకు ఎందుకో చాలా హాయిగా అనిపించింది.

సుభద్రమ్మ ముందు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. మంగతాయారు గారి ఒళ్ళో తలపెట్టి, రేవులో వలలు కుట్టుకునేవాళ్ళంతా తలెత్తి చూసేటట్టు, ఏడ్చింది. అన్నాళ్ళ బరువు దిగుతుంటే ఆ మాత్రం చప్పుడు అవుతుంది. ఫణీంద్ర నన్ను తీసుకోబోయి, మాస్టారి మొహం చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మాస్టారూ, రేపట్నుంచి గొడుగు మీరే పట్టుకోవాలి. నేను పక్కనుంటాను" అన్నాడు.

ఆ సాయంత్రం బస్సులో మాస్టారు వెనక సీట్లలో అందరి మధ్యా కూర్చుని ఖండాల పేర్లు చెప్పించారు. మొదటి సీట్లో సుభద్రమ్మ ఒక్కతే కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. లిస్బన్‌లో మా హోటలు దగ్గర అందరూ దిగినా ఎవరూ లేపలేదు. డ్రైవరు కూడా ఇంజను ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ఊరికే కూర్చున్నాడు.

ఫణీంద్ర నన్ను మళ్ళీ తీసుకోలేదు. ఇప్పుడు నేను నరసాపురంలో, మాస్టారింటి వసారాలో కొక్కేనికి వేలాడుతున్నాను. గుడ్డ వెలిసింది. ఒక చువ్వ వంగింది. మాస్టారికి ఇప్పుడు అట్లాంటిక్ గుర్తులేదు, ఒక్కోరోజు సుభద్రమ్మ పేరూ గుర్తుండదు. సాయంత్రం కాగానే మాత్రం నన్ను తీసుకుని గోదావరి గట్టు మీదికి బయల్దేరతారు. సుభద్రమ్మ ఇప్పుడు ఎవరి దగ్గరా ఏదీ దాచడం లేదు. అడగడం కూడా నేర్చుకుంది. అందుకని వెనక ఎవరో ఒకరు నడుస్తుంటారు. ఎదురింటి కుట్టుమిషను అబ్బాయి, కొన్నాళ్ళు పాత స్టూడెంట్లు, ఆదివారాలైతే భీమవరం నుంచి మోటారు సైకిలు మీద సత్తిబాబు. "లైన్లో రండ్రా" అని మాస్టారు అంటే ఒక్కడే లైన్లో నిలబడతాడు.

మేం వీధి మలుపు తిరిగేదాకా సుభద్రమ్మ గుమ్మంలో నిలబడి చూస్తుంది. ఆ తర్వాత తలుపు దగ్గరికి వేసి, ఫ్యాన్ వేసుకుని, కాసేపు నడుం వాలుస్తుంది.