విజయమ్మ నడికట్టు

నడుము ఎక్కువ వంగితే కీచుమని అరిచే పట్టీ ఒకటి గద్వాలకొచ్చింది. హైదరాబాదులో ఫిజియోథెరపీ చదివే భార్గవి దాన్ని తీసుకుని తిన్నగా విజయమ్మ ఇంటికి, మగ్గం దగ్గరికి వచ్చింది.

"నిన్ను కాదు పెద్దమ్మా, పట్టీని పరీక్ష చేస్తున్న. పక్కన కెమెరా పెడత. నువ్వు ఎంత వంగినవో రెండూ ఒక్కతీరు చెప్పాలె. చెప్తే పట్టీ మంచిదన్నట్టు," అని నచ్చజెప్పింది.

ఎవరు నమ్ముతారండీ ఆ మాట! అది అరిస్తే తన గుట్టు బయటపడుతుందని విజయమ్మ భయం. ఏడాదిగా నడుము నొప్పి. పొద్దున మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలి. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియనివ్వలేదు. వాళ్లు నేసే పట్టంచు చీరకు మగ్గం గుంతలో ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఇటు మొగుడు రాములు, అటు ఆమె. ఆమె లేస్తే ఆ చోట్లోకి దిగాల్సింది ఇంటర్ చదివే కూతురు జయశ్రీ. రాములు ఆ మాట ఓసారి అననే అన్నాడు: "నీకు చాతగాకుంటే చెప్పు, పోరి కూసుంటది. సదివి ఏం జేస్తది?"

అందుకే మహాతల్లి ఓ ఉపాయం పన్నింది. మగ్గంలో కూర్చునే ముందు ఆమె నడుముకు పాతచీర గుడ్డ బిగించి చుట్టుకుంటుంది. ఆ నడికట్టు మడతల్లో, వెన్ను వైపు, పట్టీ వంగకుండా ఓ వెదురుబద్ద దాచింది.

"ఆ బట్ట జర విప్పుతవా పెద్దమ్మా?" అని అడిగింది భార్గవి.

"అమ్మో! నడికట్టు లేకుంట మగ్గంల దిగొద్దు బిడ్డా. మా అత్త కాలం సంది గంతే. దాని మీదనే కట్టు."

ఆనవాయితీ అంటే ఆ పిల్ల ఏమనగలదు? పట్టీ దాని మీదే కట్టి, కెమెరా కోసం వీపు మీద, తుంటి మీద గుర్తులు అతికించింది. నేత మొదలైంది. రాములు పోగుతో పంపే నాడెను విజయమ్మ వంగి అందుకుంటోంది, చెమటలు కక్కుతోంది. బద్ద మీద ఆనుకున్న పట్టీ మాత్రం కిక్కురుమనలేదు. కెమెరా లెక్కలో నడుము బాగా వంగింది. భార్గవి మళ్లీ చూసింది, మళ్లీ అంతే. వాళ్ల సారుకు ఫోన్ చేయడానికి బయటికి వెళ్లింది.

తిరిగొచ్చి గడపలోనే కూలబడింది. "పట్టీ పనికిరాదంట పెద్దమ్మా. పారెయ్యమన్నడు సారు. రెండేండ్లు దీని ఎంబడే తిరిగిన," అంటూ చున్నీతో ముఖం కప్పుకుంది.

గండం గడిచిందని విజయమ్మ ఊపిరి పీల్చుకోబోయింది. పీల్చుకోనిస్తుందా ఆ ఏడుపు! ఇదీ ఒక తల్లి కన్న పిల్లే, చదువు కోసం ఏడుస్తోంది.

"ఏడ్వకు బిడ్డా. పట్టీది తప్పు గాదు, నాది," అని నడికట్టులోంచి బద్ద లాగి కింద పడేసింది.

"ఏందే ఇది?" అన్నాడు రాములు.

ఈసారి నడికట్టు తీసేసి పట్టీ కట్టారు. ఆమె వంగిందో లేదో, కీచుమంది. నాడె అందుకున్న ప్రతిసారీ అదే అరుపు. "ఒక్కటే! రెండూ ఒక్కటే చెప్తున్నయి!" అని భార్గవి ఆమెను వాటేసుకుంది. రాములు మాత్రం పెళ్లాం ముఖమే చూస్తున్నాడు.

"ఎన్నొద్దుల సంది నొస్తుంది?" అన్నాడు.

భార్గవికి అవేం పట్టలేదు. "నొప్పి లేనోళ్లకు మోగుతదో లేదో గూడ చూద్దం. జయా, జర రా!"

జయశ్రీ పుస్తకం మూసి గుంతలోకి దిగింది. చిన్నప్పటి నుంచి చూస్తున్న పనే. తండ్రి పంపిన నాడె అందుకుంది, తిరిగి పంపింది. పట్టీ నోరు మెదపలేదు.

"సక్కగ కూసున్నది పోరి," అన్నాడు రాములు.

"జయా, లెవ్వు! పైకి రా! కాలేజికి టైమైతలేదా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది విజయమ్మ.

ఆ రోజు ఆదివారం. ఆ మాట ఎవరూ అనలేదు. జయశ్రీ నాడె పక్కన పెట్టి పైకొచ్చింది. విజయమ్మ గోడ పట్టుకుని, కూతురు లేచిన చోట్లోకి మళ్లీ దిగింది.